సింహళీయులా, లంకేయులా, శ్రీలంకవాళ్లా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పొరుగు దేశాల మీద వ్యాసం రాస్తూ 'సింహళీయులు' అని రాస్తే వాళ్ల టీచర్ ఎర్రసిరాతో కొట్టేసి 'శ్రీలంకన్లు' అని దిద్దారు. క్రికెట్ వార్తల్లో 'లంకేయులు' అని కూడా చదువుతుంటాం, మరి అది తప్పా అని వాడు అడుగుతున్నాడు. అసలు ఒక దేశంవాళ్లు తమను ఏమనుకుంటే మనమూ అదే అనాలా? మన భాషలో ఎప్పటినుంచో ఉన్న మాట వాడుకుంటే వచ్చే నష్టమేమిటి? పనిలో పనిగా 'దేశస్తుడు' సరైనదా, 'దేశస్థుడు' సరైనదా కూడా చెప్పండి.

సమాధానం: టీచర్‌గారు కొట్టేయడం సరైనదే. ఎందుకు కొట్టేశారో పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే ఇంకా బాగుండేది, ఎందుకంటే 'సింహళీయులు' అన్నది వ్యాకరణపరంగా తప్పు మాట కాదు, భారతీయులు ఎలా ఏర్పడిందో అదీ అలాగే ఏర్పడింది. చిక్కల్లా అర్థంతోనే. ఆ మాట ఆ దేశంలో అందరికీ వర్తించదు. 2012 జనాభా లెక్కల ప్రకారం శ్రీలంకలో సింహళీయులు దాదాపు 75 శాతం. మిగిలిన పాతిక శాతంలో తమిళులు ఉన్నారు, అక్కడ మూర్లు అని పిలిచే ముస్లింలు ఉన్నారు, బర్గర్లు అనే యూరోపియన్ సంతతివాళ్లు ఉన్నారు. వీళ్లంతా శ్రీలంక పౌరులే, కానీ సింహళీయులు కారు. టెస్టు క్రికెట్‌లో 800 వికెట్లు తీసిన ముత్తయ్య మురళీధరన్ తమిళుడు. 'సింహళీయుల స్పిన్నర్ మురళీధరన్' అని రాస్తే వాక్యం నున్నగానే ఉంటుంది, విషయం మాత్రం తప్పు.

ఇది మామూలు తప్పు కూడా కాదు. 1956లో అక్కడి ప్రభుత్వం సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేసింది. దేశం అంటే సింహళమేనా, మేము కామా అన్న ప్రశ్న ఆ తర్వాత ముదిరి ముదిరి, 1983లో మొదలైన అంతర్యుద్ధం 2009 దాకా సాగింది. అంత జరిగిన చోట, అందరినీ కలిపి 'సింహళీయులు' అంటే మనకు తెలియకుండానే ఒక పక్షం మాట మాట్లాడినట్టు అవుతుంది.

నేను కూడా ఈ తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక సదస్సులో శ్రీలంకలోని తమిళ ప్రాంతం యాళ్పాణం (జాఫ్నా) నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలిని తెలుగులో పరిచయం చేస్తూ 'సింహళ దేశం నుంచి విచ్చేసిన' అన్నాను. పాత కావ్యాల్లో చదివిన మాట, వినసొంపుగా ఉంటుందని వాడాను. ఆవిడకు తెలుగు రాదు. నేను మాట్లాడిన రెండు నిమిషాల్లో ఆవిడకు తెలిసిన మాట అదొక్కటే. టీ దగ్గర నా పక్కకు వచ్చి, "మీరు నన్ను సింహళ అన్నారా?" అని నెమ్మదిగా అడిగింది. అది దీవికి పాత పేరండీ అని చెప్పబోయి ఆగిపోయాను, ఆవిడ అడిగింది దీవి గురించి కాదని అప్పటికి అర్థమైంది. మధ్యాహ్నం మళ్లీ వేదిక మీదకు పిలవాల్సి వచ్చినప్పుడు ముందే వెళ్లి, ఏమని చెప్పమంటారు అని అడిగాను. శ్రీలంక తమిళురాలినని చెప్పమంది. అలాగే చెప్పాను.

ఇక 'లంకేయులు'. కౌంతేయుడు, రాధేయుడు, గాంగేయుడు అన్న మాటల్లోని 'ఏయ' ఇది. ఆంగ్లేయులు కూడా ఆ బాటలోనే వచ్చింది. పండితులు పట్టుబడితే, కుంతి కౌంతేయుడు అయినట్టు లంక కూడా మొదటి అక్షరం సాగి 'లాంకేయులు' కావాలి అంటారు. అంత పట్టు అక్కర్లేదు, లంకేయులు అన్న రూపం జనంలో నిలిచిపోయింది. పైగా లంకలో ఉండేవాళ్లు ఎవరైనా అందులోకి వస్తారు, తమిళులూ వస్తారు, మూర్లూ వస్తారు. కాబట్టి క్రికెట్ వార్తకు అది చక్కగా సరిపోతుంది. వ్యాసానికైతే 'శ్రీలంకవాళ్లు', 'శ్రీలంక ప్రజలు' మేలు. 1972లో సిలోన్ పేరు తీసేసి వాళ్లు కోరి పెట్టుకున్న పేరులో 'శ్రీ' కూడా భాగమే మరి.

మీ రెండో ప్రశ్న అసలైన ప్రశ్న. వాళ్లు ఏమనుకుంటే మనం అదే అనాలా? అక్కర్లేదు. కనీసం శబ్దం విషయంలో అక్కర్లేదు. జర్మన్లు తమను 'డోయిచ్' అనుకుంటారు, హంగరీవాళ్లు 'మజ్యార్' అనుకుంటారు, ఫిన్లండ్‌వాళ్లు తమ దేశాన్ని 'సువోమి' అంటారు, జపాన్‌వాళ్లు 'నిహోన్' అంటారు, గ్రీకులు 'ఎల్లీనెస్' అనుకుంటారు. మనం జర్మన్లు, గ్రీకులు అన్నంత మాత్రాన వాళ్లెవరూ నొచ్చుకోరు. బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లే ఆ పేర్లు వాడుకుంటారు. ప్రతి భాషా పొరుగువాళ్ల పేర్లను తన నోటికి అనువుగా మలుచుకుంటుంది. మన తెలుగు ఈ పని ఎంత బాగా చేసిందో చూడండి: పోర్చుగీసువాళ్లు 'బుడతకీచులు' అయ్యారు, ఫ్రెంచివాళ్లు 'పరాసులు' అయ్యారు, హాలండ్ నుంచి వచ్చినవాళ్లకు 'వలందులు' అని పేరొచ్చింది. మచిలీపట్నంలో పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అని ఇప్పటికీ ఉన్నాయి, మూడు దేశాల వర్తకులు మకాం వేసిన గుర్తులు. తెలుగు బైబిలు తిరగేస్తే ఐగుప్తీయులు, రోమీయులు, కొరింథీయులు కనిపిస్తారు. ఇంకా వెనక్కి వెళ్తే 'యవనులు', అయోనియా అనే గ్రీకు ప్రాంతం పేరు మన దేశానికి వచ్చేసరికి అలా మారింది. ఇవన్నీ మన భాష సంపద, వీటిని చెరిపేయమని ఎవరూ అడగడం లేదు.

మరి అభ్యంతరం ఎక్కడ? నేను రెండు చోట్ల చూస్తాను. మాటలో తక్కువ చేసి చూడటం ఉందా అన్నది ఒకటి. ఆ మాటలో ఎవరు ఉన్నారు, ఎవరిని బయట పెట్టాం అన్నది రెండోది. మాట పలికే తీరు మనిష్టం, కానీ అందులోకి ఎవరు వస్తారో తేల్చే హక్కు మనకు లేదు.

మొదటిదానికి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. పరాయివాళ్లకు జనం పెట్టే పేర్లలో చాలా 'వాడి మాట మనకు అర్థం కాదు' అన్న ఊహ నుంచే పుట్టాయి. జర్మన్లను రష్యన్ లాంటి స్లావ్ భాషలవాళ్లు పిలిచే 'నెమెత్స్' అన్న మాట మూలంలో 'మూగ' అని ఉంది. గ్రీకుల 'బార్బరోస్' అర్థంకాని మాటలు గొణిగేవాడు. మన 'మ్లేచ్ఛ' కూడా అస్పష్టంగా పలకడం అన్న ధాతువు నుంచే. వేల్స్‌వాళ్ల సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది: ఇంగ్లీషువాళ్లు పెట్టిన 'వెల్ష్' అన్న పేరుకు మూలార్థం 'పరాయివాడు', వాళ్లు తమకు పెట్టుకున్న 'కమ్రి' అన్న పేరుకు అర్థం 'మన తోటి దేశంవాళ్లు'. తమ సొంత నేల మీద ఉన్నవాళ్లకు ఇంకొకరు వచ్చి పరాయి అని పేరు పెట్టారన్నమాట.

ఇది మనకూ జరిగింది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు తెలుగును 'జెంటూ' అనేవారు. పోర్చుగీసులో 'జెంటియో' అంటే క్రైస్తవుడు కానివాడు, విగ్రహారాధకుడు. అది మన మతానికి పెట్టిన పేరు, అదీ తక్కువ చూపుతో పెట్టిన పేరు, చివరికి మన భాషకు అంటుకుంది. 1816లో మద్రాసులో కాంబెల్ దొర అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే 'సాధారణంగా జెంటూ అని పిలిచే తెలుగు భాష' అన్న అర్థం వచ్చేలా రాయాల్సి వచ్చింది. తెలుగు అంటే చదివేవాళ్లకు తెలియదేమోనని ఆ వివరణ! నిలదొక్కుకుంది తెలుగు అన్న మాటే, జెంటూ పోయింది. పోయినందుకు మనకు ఎంత హాయిగా ఉందో, మనం మార్చుకోవాల్సిన మాటల దగ్గర అవతలివాళ్లకూ అంతే హాయిగా ఉంటుంది.

ఆర్కిటిక్‌లోని ఇన్యూట్ ప్రజలనే తీసుకోండి. బయటివాళ్లు పెట్టిన 'ఎస్కిమో' వద్దు, మా పేరు ఇన్యూట్ అని 1977లో వాళ్ల ప్రతినిధులు సమావేశమై తేల్చి చెప్పారు. ఆ మాటకు వాళ్ల భాషలో అర్థం 'మనుషులు', అంతే. (చిన్న సంగతి: ఇన్యూట్ బహువచనం, ఒక్కరైతే ఇనుక్. కాబట్టి 'ఇన్యూట్లు' అంటే బహువచనం మీద బహువచనం. 'ఇన్యూట్ ప్రజలు' అనండి.) మన పాఠాల్లోనూ కథల్లోనూ ఇంకా 'రెడ్ ఇండియన్లు' కనిపిస్తుంటారు. కొలంబస్ దారితప్పి పెట్టిన పేరుకు చర్మం రంగు తగిలించిన మాట అది, దాన్ని వదిలేయాలి. అమెరికా మూలవాసులు అంటే ఏం లోటు?

ఇంటి దగ్గర ఇంకో మాట ఉంది, అది చెప్పకుండా దాటేయడం నిజాయితీ కాదు. తుర్క్ జాతివాళ్లకు సంబంధించిన 'తురక' అన్న మాట తెలుగులో ముస్లింలందరికీ పేరై కూర్చుంది. ఆ జాతికీ వీళ్లలో చాలామందికీ ఏ సంబంధమూ లేదు. పుట్టినప్పుడు అది తిట్టు కాదు, కానీ ఇవాళ వినేవాళ్లకు ఎలా తగులుతుందో మనకు తెలుసు. వాళ్లెవరూ తమను అలా చెప్పుకోరు. నిఘంటువులో ఉంది కదా అన్న సమర్థన ఇక్కడ చెల్లదు.

రెండోది, ఎవరు లోపల ఎవరు బయట అన్నది, ఇంకా సున్నితం. బంగ్లాదేశ్ సంగతి చూస్తే తెలుస్తుంది. 1972 రాజ్యాంగంలో ఆ దేశ పౌరులను బెంగాలీలు అంటారని రాసుకున్నారు. చిట్టగాంగ్ కొండ ప్రాంతం నుంచి వచ్చిన మానవేంద్ర నారాయణ లార్మా రాజ్యాంగ సభలోనే దానికి అడ్డు చెప్పాడు: నేను చక్మా తెగవాణ్ని, నా వాళ్లెవరూ బెంగాలీలు కారు, పౌరులం అవుతాంగానీ బెంగాలీలం కాలేం అన్నది ఆయన వాదన సారాంశం. తర్వాత ఆ మాట 'బంగ్లాదేశీ'గా మారింది. 2011 సవరణలో జాతిగా బెంగాలీలు, పౌరులుగా బంగ్లాదేశీలు అని రెండూ పెట్టారు, ఆ గొడవ ఇంకా పూర్తిగా తీరలేదు. వాళ్లే ఇంత తర్జనభర్జన పడినచోట మనం ఆలోచించకుండా 'బెంగాలీలు గెలిచారు' అని హెడ్డింగ్ పెట్టేస్తే ఎలా? మన పశ్చిమ బెంగాల్‌వాళ్లతో కలిసిపోయి గందరగోళం కూడా.

రష్యన్ భాషలో దీనికి రెండు వేరువేరు మాటలే ఉన్నాయి. 'రూస్కీ' అంటే జాతిరీత్యా రష్యన్, 'రొస్సియానిన్' అంటే రష్యా పౌరుడు, టాటార్ అయినా చెచెన్ అయినా సరే. తెలుగులో రెండింటికీ 'రష్యన్' అనేస్తాం. ఆ తేడా అవసరమైన చోట 'రష్యా పౌరులు' అని విడమరిచి రాయడం తప్ప మార్గం లేదు. అలాగే 'ఆఫ్ఘనీలు' అని రాయకండి, ఆఫ్ఘనీ అన్నది వాళ్ల కరెన్సీ. మనుషులు ఆఫ్ఘన్లు. ఒకప్పుడు ఆ మాటకు అక్కడి జాతుల్లో ఒకటైన పష్తూన్లు అనే అర్థం ఉండేది, 2004 రాజ్యాంగం ప్రతి పౌరుడికీ అది వర్తిస్తుందని ప్రత్యేకంగా రాసుకుంది. 'ఆంగ్లేయులు' ఇంగ్లండ్‌వాళ్లకే, స్కాట్లండ్‌వాళ్లను అలా అంటే ఒప్పుకోరు. 'సఫారీలు' గురించి కూడా ఒక మాట: సఫారీ స్వాహిలీ మాట, తూర్పు ఆఫ్రికాది, దక్షిణాఫ్రికా జట్టు తనను 'ప్రొటియాస్' అని చెప్పుకుంటుంది. న్యూజిలాండ్‌వాళ్లు 'కివీ' అని తమంతట తామే ఇష్టంగా అనుకుంటారు కాబట్టి దానితో పేచీ లేదు.

ఎప్పుడు అనుమానం వచ్చినా దేశం పేరు పక్కన 'వాళ్లు', 'ప్రజలు', 'పౌరులు' పెట్టండి. జపనీయులు, చైనీయులు లాంటివి చెవికి అలవాటైనవి, ఉంచుకోవచ్చు. (జపాన్ మీద 'ఈయ' చేరితే జపానీయులు కావాలి, ఇంగ్లీషు జపనీస్ ప్రభావంతో జపనీయులు అయింది, రెండూ వాడుకలో ఉన్నాయి.) అలవాటు లేనిచోట బలవంతంగా 'ఈయ' తగిలించి కెనడీయురాలు, కెన్యీయుడు అని పుట్టించకండి, కెనడా మహిళ, కెన్యా యువకుడు అంటే అందరికీ తెలుస్తుంది. ఏకవచనంలో 'జపాన్‌వాడు' అంటే తేలిక చేసినట్టు వినిపిస్తుంది, 'జపాన్ ఆయన', 'జపాన్ ఆవిడ' అనండి.

చివరగా, దేశస్థుడే సరైనది. 'స్థ' అంటే ఉండేవాడు. గృహస్థుడు, తటస్థుడు, మధ్యస్థుడు అన్నీ ఆ వరసే. ఆడవాళ్లకైతే దేశస్థురాలు. 'వ్యాధిగ్రస్తుడు'లో మాత్రం ఒత్తు లేని 'స్త' రావాలి, అది 'గ్రస్త' అన్న వేరే మాట, మింగబడ్డ అని అర్థం. చాలామంది ఈ రెండింటినీ తారుమారు చేసి 'దేశస్తుడు', 'వ్యాధిగ్రస్థుడు' అని రాస్తున్నారు. మీ అబ్బాయికి గృహస్థుడిని పక్కన పెట్టి చూపించండి, మళ్లీ పొరపాటు పడడు.