పెద్ద దున్నపోతు చిన్నదాన్ని మందలోకి రానివ్వడం లేదు, బర్రెలేమో చూడి నిలవడం లేదు – ఏం చేయాలి?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర. పాల కోసం, మాంసానికి పెంచి అమ్మే దున్నదూడల కోసం కలిపి నలభై దాకా బర్రెలున్నాయి. రెండు దున్నపోతులు ఏడాది పొడవునా మందలోనే ఉంటాయి. పెద్దది చిన్నదాన్ని కుమ్మి తరిమేస్తుంది. అయినా సగం బర్రెలు చూడి లేవు. సంతలో తెచ్చిన, ఇంకా ఈనని నాలుగు పడ్డలను కూడా పాత బర్రెలు మేత దగ్గరికి రానివ్వడం లేదు. పెద్ద దున్నపోతును అమ్మేయమంటారా?

జవాబు: ఇప్పుడే అమ్మకండి అన్నా, ముందు దాన్ని పరీక్ష చేయించండి. కుమ్ములాట చూసి మీకు టెన్షన్ పట్టుకుంది గానీ నాకు మాత్రం ఆ ఖాళీ బర్రెల సంగతే ఎక్కువ కంగారుగా ఉంది. మందలో వయసు, ఒళ్లు, కొమ్ములు, ఎన్నాళ్లుగా అక్కడ ఉంటున్నది, వీటన్నిటిని బట్టి ఏది ముందో ఏది వెనకో వాటికవే తేల్చుకుంటాయి. అందులో వింత లేదు. చిక్కంతా ఎక్కడంటే, రెండు దున్నపోతులు కలిసి తిరిగే చోట పెద్దరికం ఉన్నదే దాదాపు అన్ని బర్రెలనూ దాటుతుంది (జతకడుతుంది), దాని వీర్యం బాగోలేకపోతే చిన్నది ఎంత మంచిదైనా ఉపయోగం లేకుండా పోతుంది. పోట్లాటలో గెలిచే దున్నపోతే చూడి నిలిపే దున్నపోతు అనుకోవద్దు, ఈ రెండింటికీ సంబంధం లేదు. రైతేమో దాటడం కళ్లారా చూశాను కదా అని నిశ్చింతగా ఉంటాడు, ఏడాది గడిచిపోతుంది.

ఒక సాయంత్రం పక్కనే నిలబడి జాగ్రత్తగా గమనించండి. ఎదలో ఉన్న బర్రె మూత్రం వాసన చూసి దున్నపోతు మెడ చాచి పైపెదవి పైకి ముడుస్తుంది, తర్వాత గడ్డం దాని నడుము మీద ఆనిస్తుంది, బర్రె కదలకుండా నిలబడితేనే ఎక్కుతుంది. దాటడం పూర్తయితే చివర్లో ఒక్క ఊపున బలంగా ముందుకు తోస్తుంది. ఆ తోపు లేకుండా ఎక్కడం, జారడం, మళ్లీ ఎక్కడం చేస్తుంటే వెనక కాళ్లలోనో గిట్టల్లోనో నొప్పి ఉందేమోనని అనుమానించాలి. గిట్టలు పెరిగి వంకర తిరిగాయేమో చూడండి. డాక్టర్ గారు రెండు వృషణాలూ సమానంగా, గట్టిగా, తిత్తిలో అటూ ఇటూ కదిలేలా ఉన్నాయో లేదో చేత్తో పట్టి చూస్తారు, వీర్యం మైక్రోస్కోపు కింద చూస్తారు. మీకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దగ్గరే కాబట్టి ముందు వాళ్లను అడగండి. రెండు దున్నపోతులకూ బ్రూసెల్లా (చూడి బర్రెలు ఈసుకుపోయేలా చేసే అంటురోగం) రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. బర్రెలు నెలలు నిండకుండా ఈసుకుపోయిన సందర్భాలుంటే అది కూడా వాళ్లకు చెప్పండి. పరీక్షలో ఆ రోగం ఉందని తేలిన దున్నపోతును ఒక్కరోజు కూడా మందలో ఉంచకండి. ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి ఈ రోగం రాకుండా టీకా వేయించాలి, మగదూడలకు వేయకూడదు.

ఇక లెక్క చూద్దాం. బాగా ఎదిగిన దున్నపోతుకు పాతిక, ముప్పై బర్రెలకు మించి వదలకూడదు, కొత్తగా దాటడం మొదలుపెట్టినదానికి పది పదిహేను చాలు. మీ దగ్గర పేరుకు రెండున్నా పని చేస్తున్నది ఒకటే, దాని మీద నలభై పడ్డాయి. అందుకే మందను రెండుగా విడగొట్టండి, పెద్దదానికి పాతిక, చిన్నదానికి పదిహేను. ఒకదానికొకటి కనబడనంత దూరంలో మేపితే మంచిది, నడుమ కంచె ఒక్కటే ఉంటే అక్కడే నిలబడి రోజంతా ఒకదాన్నొకటి చూస్తూ కాలు దువ్వుతాయి.

దున్నపోతులను ఏడాది పొడవునా మందలో ఉంచడం మానేయండి. పొద్దు తగ్గే కాలంలో, అంటే సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మన బర్రెలు బాగా ఎదకు వస్తాయి. ఎండాకాలంలో మూగ ఎద ఎక్కువ, అరవవు, తీగ (ఎదలో మానం నుంచి జారే జిగురు) కూడా సరిగ్గా వేయవు. దున్నపోతుకూ అంతే, వీర్యం తయారవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది కాబట్టి మే నెల ఎండ దెబ్బ జూలైలో కూడా కనబడుతుంది. నీడ, పొర్లడానికి నీళ్లు, రోజూ మినరల్ మిక్చర్ జూన్, జూలై నుంచే చూసుకోండి. సెప్టెంబరులో మందలోకి వదిలి మూడు నెలలయ్యాక వేరు చేయండి, ఇరవై ఒక్క రోజులకోసారి లెక్కన ఒక్కో బర్రెకు నాలుగు ఎదలు దొరుకుతాయి. వేరు చేసిన రెండు నెలలకు చూడి పరీక్ష చేయించండి. బర్రె మోసేది సుమారు 310 రోజులు కాబట్టి ఈతలు మళ్లీ పచ్చిమేత ఉండే రోజుల్లోనే వస్తాయి, మాంసానికి పెంచే దూడలన్నీ ఒకే ఈడువి అవుతాయి, ఒకే లాట్‌గా అమ్ముకోవచ్చు. మీలాంటి వాళ్లకు ఇది పెద్ద లాభం. పాల బర్రెలకు మాత్రం మంచి ముర్రా జాతి దున్నపోతు వీర్యంతో సూది (కృత్రిమ గర్భధారణ) వేయించడమే నయం, పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున.

హైదరాబాద్ నారాయణగూడలో జరిగే సదర్ అనే దున్నపోతుల పండుగలో నిగనిగలాడుతూ నడిచే దున్నపోతులను చూస్తే ఎవరికైనా అలా మేపాలనిపిస్తుంది, నాకూ చూడ్డానికి ఇష్టమే. కానీ దాటడానికి ఉంచేదానికి అంత కొవ్వు వద్దు. చెయ్యి ఆనిస్తే పక్కటెముకలు తగలాలి, కంటికి మాత్రం కనబడకూడదు.

పడ్డల విషయం తేలిగ్గా తీసుకోకండి. కుమ్మించుకునే పడ్డ అందరూ తిన్నాక మిగిలిన కాడలే తింటుంది, చిక్కిపోతుంది, ఇక ఎదకు రాదు. ఏడాది తర్వాత మనం గర్భసంచిలో లోపం ఉందేమోనని మందులు వాడుతుంటాం. సంత నుంచి తెచ్చినవాటిని ఎలాగూ మూడు వారాలు వేరే కొట్టంలో కట్టి, గాలికుంటు లాంటివి లేవని చూసుకోవాలి. ఆ తర్వాత నాలుగింటినీ కలిపే వదలండి, ఒక్కొక్కటిగా వదిలితే మంద మొత్తం ఒక్కదాని మీదే పడుతుంది. మేత ఒకేచోట కుప్ప పోయకుండా నాలుగైదు చోట్ల వేయండి, నీళ్ల తొట్లు రెండు పెట్టండి, తప్పించుకోవడానికి దారి లేని మూలలు లేకుండా చూడండి. వారం పది రోజుల్లో సర్దుకుంటాయి. 275, 300 కిలోలు రాని పడ్డలను ఆ పెద్ద దున్నపోతు దగ్గరికి అసలు పోనివ్వకండి, నడుము విరుగుతుంది.

మందలో పుట్టిన మగదూడలను ఏడాది నిండకముందే వేరు చేయండి. దున్నపోతు సొంత కూతుళ్లు మూడేళ్లకల్లా ఎదకు వస్తాయి కాబట్టి ఆలోపే దాన్ని మార్చాలి. పక్క ఊరివాళ్లతో మార్చుకున్నా రక్తపరీక్ష రిపోర్టు చూశాకే తెచ్చుకోండి. ఇంకోటి, మందలో ఉన్నప్పుడు దున్నపోతు దగ్గరికి పిల్లలను పంపకండి. అది తల దించి, పక్కకు తిరిగి ఒళ్లంతా చూపిస్తూ నిలబడితే హెచ్చరిస్తున్నట్టే, మీరు కూడా వీపు తిప్పకుండా వెనక్కి రండి.

వీర్యం బాగుంటే పెద్దదాన్ని ఉంచుకోండి, లేకుంటే అప్పుడు అమ్మండి. ఈలోగా ఖాళీగా ఉన్న ఒక్కో బర్రె ఎప్పుడు ఈనింది, ఎన్నో ఈత, మాయ సరిగ్గా పడిందా అన్నది రాసి పంపండి, అవి చూసి వాటి సంగతి విడిగా చెబుతాను.