అర్హత వేరు, పిలుపు వేరు
(వలస వీసాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, పెళ్లి కాలేదు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ఇంగ్లిష్ పరీక్షలో లిజనింగ్ 7.5, మిగతా మూడూ 6.5. కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) 67 పాయింట్లుంటే చాలంటున్నారు. నాకు వచ్చినట్టేనా?
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రాలేదు, ఒక్క పాయింట్ తగ్గింది. వయసుకు 12, బీటెక్‌కు 21, అనుభవానికి 13, ఇంగ్లిష్‌కు 20. మొత్తం 66. తోబుట్టువులెవరైనా కెనడాలో స్థిరపడి ఉంటే 5 కలుస్తాయి. లేకుంటే రీడింగో రైటింగో ఒక్కటి 7కు చేరినా 67 అవుతుంది.

అయితే 67 వస్తే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (నైపుణ్యం ఉన్నవారిని పీఆర్‌కు ఎంచుకునే పద్ధతి) వరుసలో నిలబడనిస్తారు, అంతే. పీఆర్‌కు దరఖాస్తు చేసుకోమనే పిలుపు ఎవరికన్నది సీఆర్ఎస్ అనే మరో లెక్క తేలుస్తుంది. అది 1200కు. ఇప్పుడున్న స్కోర్లతో అక్కడ మీకు వయసుకు 99, డిగ్రీకి 120, ఇంగ్లిష్‌కు 92, చదువు-ఇంగ్లిష్ జోడీకి 13, అనుభవం-ఇంగ్లిష్ జోడీకి 25 వస్తాయి. కలిపితే 349.

అసలు కిటుకు ఆ జోడీల్లోనే ఉంది. లిజనింగ్ 8, మిగతావి 7 చొప్పున తెచ్చుకున్నారనుకోండి. ఇంగ్లిష్ పాయింట్లు 124 అవుతాయి, 13 కాస్తా 25, 25 కాస్తా 50 అవుతాయి. మొత్తం 418. ఒక్కో విభాగంలో అర బ్యాండ్ పెరిగితే 69 పాయింట్లన్నమాట. కానీ నాలుగూ దాటాలి. రైటింగ్ ఒక్కటే 6.5 దగ్గర ఆగిపోతే జోడీలు రెండూ పాత చోటే ఉండి మొత్తం 373 దగ్గరే నిలుస్తుంది. మనవాళ్లు చాలామంది చిక్కుకునేది ఆ రైటింగ్‌లోనే, కోచింగ్ డబ్బు ముందు దానికే పెట్టండి.

418 కూడా చాలకపోవచ్చు. 2024, 2025లో వృత్తి, భాషల వారీగా కాకుండా జరిగిన డ్రాల (ఎక్కువ స్కోరున్నవారిని పిలిచే విడతల) కటాఫ్ 500 పైనే ఉంది. ఏదైనా ప్రావిన్స్ నామినేట్ చేస్తే 600 కలుస్తాయి. ఫ్రెంచ్ బాగా నేర్చుకున్నవారికి విడిగా డ్రాలున్నాయి, వాటి కటాఫ్ తక్కువ. ఉద్యోగ ఆఫర్ లెటర్ కొనిపెడతామని ఎవరైనా వస్తే ఇంట్లోకి రానివ్వకండి. సీఆర్ఎస్‌లో ఆఫర్‌కిచ్చే పాయింట్లను 2025 మార్చిలో ఎత్తేశారు.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఫార్మా కంపెనీలో కెమిస్ట్‌ను, నాలుగేళ్ల అనుభవం. వచ్చే నెల 33 నిండుతాయి. ఆస్ట్రేలియాకు ఈలోపే దరఖాస్తు పెట్టేస్తే వయసు పాయింట్లు నిలుస్తాయా?
– పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: నిలవవు. వయసు చూసేది మీరు ఆసక్తి ప్రకటన (వీసా కావాలంటూ ముందుగా పెట్టే వివరాలు) పెట్టిన రోజున కాదు, వాళ్లు ఆహ్వానం పంపిన రోజున. 25 నుంచి 32 ఏళ్ల వరకు 30 పాయింట్లు, 33 నిండగానే 25. డిగ్రీకి 15, ఇంగ్లిష్‌లో అన్నిట్లో 7 ఉంటే 10, మూడేళ్లు దాటిన అనుభవానికి 5, భర్త లేకుంటే 10 వేసుకోండి. ఇప్పటి 70 వచ్చే నెల 65 అవుతుంది. 65 కనీస అర్హతే, పోటీలో నెగ్గే అంకె కాదు. ఇంగ్లిష్‌లో అన్నీ 8 తెచ్చుకుంటే 10కి బదులు 20 ఇస్తారు. పోయిన ఐదుకు పది వచ్చినట్టు. 491 వీసాకు (పెద్ద నగరాల బయటి ప్రాంతాలకిచ్చే తాత్కాలిక వీసా) అక్కడి రాష్ట్రం నామినేట్ చేస్తే మరో 15.

తొందరపడి స్కిల్ అసెస్‌మెంట్ (మీ చదువు, అనుభవం ఆ వృత్తికి సరిపోతాయని తేల్చే పరిశీలన) లేకుండా ఆసక్తి ప్రకటన పెట్టకండి. కెమిస్టులకు అది వెటాసెస్ అనే ఆస్ట్రేలియా సంస్థ చేస్తుంది. హెచ్ఆర్‌వాళ్లు ఇచ్చే రెండు వాక్యాల సర్టిఫికెట్ పనికిరాదు. లెటర్‌హెడ్ మీద హోదా, తేదీలు, వారానికి పనిగంటలు, మీరు చేసే పనుల వివరం ఉండాలి.

ప్రశ్న: కెనడాకు చూపాల్సిన డబ్బు కోసం ఎకరం పొలం అమ్ముదామనుకుంటున్నాం. చిట్టి కూడా ఉంది. సరిపోతుందా?
– పాఠకుడు, వనపర్తి

జవాబు: పొలం పొలంగా ఉంటే లెక్కలోకి రాదు, పట్టాదారు పాసుపుస్తకం చూపినా ఒప్పుకోరు. అమ్మిన డబ్బు ఖాతాలో పడితే చెల్లుతుంది. చిక్కు ఎక్కడంటే, రిజిస్ట్రేషన్‌లో తక్కువ రాయించి మిగతాది చేతికి తీసుకుంటారు. ఆ నగదు ఎక్కడిదో చెప్పడానికి కాగితం ఉండదు. పూర్తి ధర దస్తావేజులో రాయించి, బ్యాంకు ద్వారానే తీసుకోండి. బ్యాంకు ఇచ్చే లేఖలో ఆరు నెలల సగటు నిల్వతో పాటు మీ అప్పులు కూడా రాస్తారు కాబట్టి అమ్మకం ముందుగానే జరగాలి. చిట్టి మధ్యలో పాడి ఎత్తుకుంటే మిగిలిన వాయిదాలు మీ నెత్తిన ఉంటాయి. మా దృష్టిలో అది అప్పే, అప్పు సొమ్ము చూపకూడదు.

ప్రశ్న: కెనడాకు చూపాల్సిన డబ్బు వారం రోజులు ఖాతాలో వేసి, అనుభవం లెటర్ కూడా తామే తయారుచేస్తామని కన్సల్టెన్సీ అంటోంది. నమ్మొచ్చా?
– పాఠకుడు, దేవరకొండ

జవాబు: వద్దు. తప్పుడు కాగితం దొరికితే కెనడా ఐదేళ్లు నిషేధం వేస్తుంది, అదీ మీ పేరు మీద, కన్సల్టెన్సీ మీద కాదు.