స్కాన్‌లో కనిపించిన నీరు రక్తమా, మూత్రమా?

ప్రమాదంలో మూత్రాశయం చిరిగిందో లేదో క్యాజువాలిటీలోనే, పడక పక్కన అల్ట్రాసౌండ్‌తో తేల్చవచ్చా అని అడిగారు. చాలాసార్లు తేల్చవచ్చునన్నదే నా సమాధానం. అయితే మూత్రాశయాన్ని నిండుగా ఉన్నప్పుడు చూడాలి, స్కాన్‌లో ద్రవం ఏదైనా నల్లగానే కనిపిస్తుంది కాబట్టి, కడుపులో కనిపించిన ప్రతి నల్లని చారనూ రక్తమని అనుకోకూడదు. కోస్తాలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న నాకు ఈ రెండో సంగతిని ఒక సంక్రాంతి నాటి మధ్యాహ్నం నేర్పింది.

భోగి రాత్రి బాగా తాగి బండి మీద వస్తూ పడిపోయిన ఇరవై ఎనిమిదేళ్ల యువకుణ్ణి మరునాడు మా దగ్గరకు తీసుకువచ్చారు. హ్యాండిల్ పొత్తికడుపులో గుచ్చుకున్నదట. ఎక్స్‌రేలో కటి ఎముకలు విరగలేదు. మొదట చూసిన చోట వేసిన క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) సంచిలో యాభై మిల్లీలీటర్లకు మించని ఎర్రని మూత్రం ఉన్నది. మా హౌస్ సర్జన్ ఫాస్ట్ స్కాన్ (గాయపడినవారి కడుపులో ద్రవం చేరిందా అని త్వరగా చూసే అల్ట్రాసౌండ్) చేసి, కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య నల్లని చార కనబడగానే, "సార్, పాజిటివ్, లోపల రక్తస్రావమే" అని సర్జన్‌కు ఫోన్ చేయబోయాడు. కానీ నాడి 92, బీపీ 120/80, హిమోగ్లోబిన్ 13 ఉన్న మనిషి కడుపులో అంత రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? నేను ఆలోచిస్తుండగా గుమ్మం దగ్గర నిలబడిన తల్లి, "రాత్రి పడ్డప్పటి నుంచి వీడు ఒంటికి పోలేదు డాక్టరు బాబూ" అన్నది. ఆ రోజు మాకు దొరికిన పరీక్షలన్నింటిలోనూ విలువైనది ఆ మాటే.

తాగినవాడి మూత్రాశయం నిండి ఉబ్బి ఉంటుంది, దానికి పైకప్పు భాగమే బలహీనమైన చోటు, దెబ్బ తగిలితే అక్కడే పగిలి మూత్రం కడుపులోకి పోతుంది. మూత్రనాళం చిరిగిందని అనుమానించడానికి మూత్రద్వారం దగ్గర రక్తం లేదు, క్యాథెటర్ కూడా సరైన చోటనే ఉన్నది కాబట్టి, ప్రోబ్‌ను (స్కాన్ యంత్రంలో ఒంటికి ఆనించే భాగాన్ని) జఘనాస్థికి, అంటే పొత్తికడుపు కింది ఎముకకు, పైన పట్టుకుని, అరవై మిల్లీలీటర్ల సిరంజితో ఐదుసార్లు సెలైన్ ఎక్కించాను. మూడు వందల మిల్లీలీటర్లు పోసినా మూత్రాశయం నిమ్మకాయంత కూడా కాలేదు, దాని వెనుక ఉన్న నల్లని మడుగు మాత్రం మా కళ్ల ముందే పెరిగింది. తిరిగి లాగితే సగం కూడా రాలేదు. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటకు పంపే వ్యర్థం) 2.1 ఉన్నదని రిపోర్టు వస్తే ఎవరో కిడ్నీలు పాడయ్యాయన్నారు. కడుపులోకి చేరిన మూత్రాన్ని కడుపు లోపలి పొర మళ్లీ రక్తంలోకి పీల్చుకోవడం వల్ల పెరిగిన అంకె అది. సీటీ సిస్టోగ్రామ్ (మూత్రాశయంలోకి స్కాన్‌లో కనబడే మందు ఎక్కించి తీసే సీటీ) అనుమానాన్ని ధ్రువపరిచింది, ఆపరేషన్‌లో పైకప్పున నాలుగు సెంటీమీటర్ల చీలిక కనబడింది. ఇలా సెలైన్ పోసి చూస్తే మడుగు పెరిగిన కేసు నా చేతిలో ఒక్కటీ తప్పు కాలేదు.

నాకు ఒళ్లు మండేది, స్కాన్ చేయకముందే క్యాథెటర్ వేసి మూత్రాశయాన్ని ఖాళీ చేసే అలవాటు. నిండిన మూత్రాశయం స్కాన్‌కు కిటికీ వంటిది. దానిని ఖాళీ చేస్తే వెనుక ఉన్న నీరు పేగుల గాలి చాటున కనబడకుండా పోతుంది. యంత్రం సంగతి మరీ అన్యాయం. గర్భస్థ లింగ నిర్ధారణను అరికట్టే 1994 నాటి చట్టం ఉద్దేశం గొప్పదే, ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ రిజిస్టరు చేయించవలసిందే. కానీ ఆ భయంతో దానిని రాత్రి తొమ్మిది తరువాత తాళం వేసిన గదిలో పెట్టి, తాళంచెవి ఇంటికి వెళ్లిన వ్యక్తి జేబులో ఉంచడం ఏ చట్టం చెప్పింది? మేము గొడవపడి రిజిస్టరు చేయించి, క్యాజువాలిటీలోనే ఒకటి పెట్టించుకోవడానికి రెండేళ్లు పట్టింది.

అయితే, కటి ఎముకలు విరిగి, మూత్రం ఎర్రగా వస్తున్నవారిలో నేను స్కాన్ మీద ఆధారపడను. అటువంటి గాయాల్లో మూత్రం ఎక్కువగా కడుపు పొర బయటే, ఎముకల చుట్టూ కారుతుంది, అక్కడ ప్రోబ్‌కు అది చాలాసార్లు అందదు. వారిని స్థిరపరచి నేరుగా సీటీ సిస్టోగ్రామ్‌కు పంపుతాను. అక్కడ కూడా క్యాథెటర్ ద్వారా కనీసం మూడు వందల మిల్లీలీటర్ల కాంట్రాస్ట్ (ఆ స్కాన్‌లో కనబడే మందు) ఎక్కించమని చీటీ మీద రాసి మరీ పంపుతాను, ఎందుకంటే తక్కువ పోస్తే చిన్న చీలిక తెరుచుకోదు.