వాయిద్యాలు అమ్మబోతున్న మా బుజ్జికి

బుజ్జీ,

పాత గిటార్లు, వయొలిన్లు కొని బాగుచేసి ఆన్‌లైన్‌లో అమ్మబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో అంత భయమూ వేసింది. నువ్వు పంపిన ఫోటో చూశాను. గిటారుకు ఊడిన బ్రిడ్జిని, అదే తీగల కింద ఉండే చెక్కముక్కను, మళ్లీ అతికించావు కదా, అంచుల వెంట జిగురు చుక్క కూడా కనిపించలేదు. పనితనం గురించి నీకు నేను చెప్పవలసింది ఏమీ లేదు. కానీ మీ అమ్మ ఇంకో మాట అంది: "సైటు కమీషన్ ఐదు శాతమేనట అక్కా, మిగతాదంతా బుజ్జికే మిగులుతుందట." ఈ ఉత్తరం ఆ మాట కోసమే.

ఐదు శాతం అన్నది అమ్మకపు రుసుము ఒక్కటే. దాని వెనుక చెల్లింపు రుసుము ఉంటుంది, కొనేవారి కార్డు నుంచి నీ ఖాతాకు డబ్బు చేర్చినందుకు. ఇందులో కొంత శాతం లెక్కన, కొంత ఆర్డరుకు ఇంత అని స్థిరంగా పోతుంది. గిటారు మీద ఆ స్థిరమైన చిల్లర కనిపించదు. తీగల సెట్టు, వయొలిన్ కమానుకు రాసే రోజిన్ లాంటివి విడిగా అమ్మితే మాత్రం లాభమంతా దానికే చాలదు, అలాంటివి నాలుగైదు కలిపి ఒకే ఆర్డరుగా పెట్టు. కొనేవారు వేరే దేశంలో ఉంటే డబ్బు మార్పిడి దగ్గర ఇంకొంత తగ్గుతుంది. ప్రకటనగా చూపిస్తామని అడిగే శాతం వేరు. అది నీ ఇష్టం మీద ఆధారపడింది కాబట్టి మొదట్లో వద్దని చెప్పు.

శాతం ఎంత అని అడిగేముందు, దేని మీద శాతం అని అడుగు. చాలా సైట్లు నీ ధర మీదే కాదు, డెలివరీ చార్జీ మీద కూడా కోస్తాయి. అమెరికా ఈబేలోనైతే కొనేవారు కట్టిన పన్ను కూడా ఆ మొత్తంలో కలుస్తుంది. రేట్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు కూడా. వాయిద్యాల కోసమే పుట్టిన రివర్బ్ సైటు 2020 ఆగస్టులో తన అమ్మకపు రుసుమును 3.5 నుంచి 5 శాతానికి పెంచింది. చేతిపనుల వస్తువులు అమ్మే ఎట్సీ సైటు 2022 ఏప్రిల్‌లో 5 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. ఎవరో ఎప్పుడో చెప్పిన అంకెను నమ్మకు. వాయిద్యాన్ని అమ్మకానికి పెట్టే రోజున ఆ సైటు రుసుముల పేజీ నువ్వే చదువు.

ఇప్పుడు మీ పెదనాన్న సంగతి చెప్పాలి. నీకు తెలియదు, ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

ఆయన మొదట అమ్మింది ఒక వయొలిన్. నెలల తరబడి దాని మీదే పనిచేశారు. పైచెక్క పగులును లోపలి నుంచి అతుకులు వేసి నిలబెట్టారు. తీగలు బిగించే పెగ్గులు మార్చారు. లెక్క సులువుగా ఉండాలని దాని ధర 1000 అనుకో, ఏ దేశపు డబ్బైనా సరే. డెలివరీ ఉచితమని రాస్తే త్వరగా పోతుందని ఎవరో అంటే, అలాగే రాశారు. రుసుములన్నీ కలిపి 8 శాతం, డెలివరీకి 80 అవుతుందని ఆయన అంచనా. 900కి ఇస్తారా అని ఒకరు బేరం పెట్టారు. పెట్టిన ధరలో వంద తగ్గితే ఏమవుతుందిలే అని వెంటనే ఒప్పుకున్నారు.

పెట్టె తీసుకుని కొరియర్ దగ్గరికి వెళితే అంచనా తలకిందులైంది. వాళ్లు బరువు ఒక్కటే చూడరు, పెట్టె ఆక్రమించే చోటుకు కూడా బరువు కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. 90, 40, 25 సెంటీమీటర్ల పెట్టె. తూకంలో నాలుగు కిలోలే ఉన్నా, లెక్కలో 18 కిలోలు అయింది. 80 అనుకున్న చోట 150 కట్టారు. 900లో రుసుములు 72 పోయాయి, డెలివరీ 150 పోయింది. చేతికి వచ్చింది 678.

అంతటితో ఆగి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు. దారిలో తీగలు తెగుతాయేమోనని పెదనాన్న నాలుగింటినీ పూర్తిగా వదులు చేసి పంపారు. గిటారు తీగలు అలా వదులు చేసి పంపినా ఫరవాలేదు. వయొలిన్‌లో బ్రిడ్జి, లోపల పైచెక్కకూ వెనకచెక్కకూ మధ్య నిలబెట్టే చిన్న పుల్ల సౌండ్‌పోస్ట్, రెండూ నిలబడేది తీగల బిగువు వల్లే, వాటిని అతికించరు. బ్రిడ్జి వాలింది, సౌండ్‌పోస్ట్ పడిపోయింది. అందుకున్న మనిషి కేసు తెరిచి కదిపితే లోపల ఏదో దొర్లుతున్న చప్పుడు. విరిగిపోయిందని ఫిర్యాదు చేశారు. ఆ సైటు కొన్నవారి పక్షమే తీసుకుంది. డబ్బు వెనక్కి ఇవ్వాలి, తిరిగి తెప్పించే ఖర్చు కూడా అమ్మినవారిదే అంది. మళ్లీ 150. అమ్మకపు రుసుము వెనక్కి ఇచ్చారు, చెల్లింపు రుసుము 27 ఇవ్వలేదు. వయొలిన్ ఇంటికి వచ్చింది, 327 చేతి నుంచి పోయింది. అసలుకే ఎసరు వచ్చింది తల్లీ. ఆ రాత్రి ఆయన సన్నని రంధ్రం గుండా సెట్టర్ అనే పనిముట్టు పెట్టి సౌండ్‌పోస్ట్‌ను మళ్లీ నిలబెడుతుంటే టార్చి పట్టుకున్నది నేనే. పనిలో ఒక్క తప్పు లేని మనిషి లెక్కలో నలిగిపోవడం చూశాను. నీకు ఆ రాత్రి రాకూడదు.

అందుకే చెబుతున్నాను, ధరను కింది నుంచి పైకి కట్టు. చేతికి 1000 రావాలి, డెలివరీ 150 అనుకో. రెండూ కలిపి 1150. దాన్ని 0.92తో భాగిస్తే 1250. అందులో 8 శాతం పోయినా, డెలివరీ పోయినా సరిగ్గా 1000 మిగులుతుంది. స్థిర రుసుము ఉంటే దాన్ని కూడా ముందే 1150లో కలుపు. 8 శాతం పైన చేరిస్తే చాలదా అంటావు, చాలదు, ఎందుకంటే వాళ్లు కోసేది నువ్వు పెంచిన ధర మీద. బేరానికి ఎంత తగ్గగలవో కూడా ముందే తేల్చుకుని కాగితం మీద రాసిపెట్టుకో. ఫోను మోగిన క్షణంలో తేల్చుకోకు.

అమ్మకానికి పెట్టకముందే పెట్టెను కొలువు. మామూలు గిటారుకు 120, 50, 20 సెంటీమీటర్ల పెట్టె అయినా 24 కిలోల లెక్క వస్తుంది. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తియ్యి, గీతలు, అతుకులు దాచకుండా రాయి. దాచిన గీత రిటర్న్ అయి వస్తుంది. వాపసు వస్తే ఏ రుసుము తిరిగి ఇస్తారో, ఏది ఇవ్వరో ఆ నిబంధన రెండుసార్లు చదువు. రుసుముల రసీదులన్నీ దాచు, పన్ను లెక్కల్లో అవి నీ ఖర్చులు.

విదేశాలకు పంపేటట్టయితే చెక్క ఏమిటో తెలుసుకో. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటిస్ అనే, అరుదైన జంతువుల, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది. మిగతా రోజ్‌వుడ్‌లతో తయారైన వాయిద్యాలకు 2019లో సడలింపు వచ్చింది, దీనికి రాలేదు. అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటిస్తే సరుకే జప్తు కావచ్చు.

ఒక మాట మాత్రం నువ్వు వినితీరాలి. "సైటు బయట మాట్లాడుకుందాం, ఇద్దరికీ రుసుము మిగులుతుంది" అని ఎవరైనా రాస్తే జవాబు ఇవ్వకు. మంచివాళ్లే కావచ్చు. కానీ డబ్బు రాకపోయినా, వచ్చిన డబ్బు బ్యాంకు వెనక్కి లాక్కున్నా నీ వైపు నిలబడేవారు ఉండరు. రుసుము కడుతున్నది అందుకే కదా. ఎనిమిది శాతం కోసం గిటారు మొత్తం పోగొట్టుకున్నవాళ్లను నేను ఎరుగుదును. నువ్వు మొహమాటస్తురాలివి, ఎవరైనా రెండు తీయని మాటలు మాట్లాడితే కాదనలేవు. నా బెంగంతా అదే, కోప్పడుతున్నానని అనుకోకు.

వయొలిన్ ఒకటి సిద్ధం చేస్తున్నావట. తీగలు కొద్దిగా మాత్రమే వదులు చెయ్యి, తీగల కింది కొసలు కట్టే తోకముక్క కింద, బ్రిడ్జికి రెండు పక్కలా మెత్తని గుడ్డ పెట్టు. పెట్టె కొలతలు, నువ్వు అనుకున్న ధర, ఆ సైటు రుసుములు నాకు రాసి పంపు. అమ్మకానికి పెట్టేలోగా లెక్క ఒకసారి నేనూ వేసి చూస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ