వార్తలకెక్కని రోజులే చూడండి

అంతరిక్షం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: శుభాంశు శుక్లా వెళ్లినప్పటి నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి జరిగే ప్రయాణాలు వరసగా చూస్తున్నాను. 2030 తర్వాత దాన్ని సముద్రంలో కూల్చేస్తారని చదివి దిగులేసింది. "మూతపడేదాన్ని చూసి ఏం నేర్చుకుంటావ్? కొత్తగా వచ్చేవి చూసుకో" అంటున్నాడు మా అన్నయ్య. మీరు స్పేస్ షటిల్ చివరి ప్రయాణాలు దగ్గరగా గమనించారని ఒకసారి రాశారు. అందులో ఏం కనబడింది మీకు?
(ఇంటర్ విద్యార్థిని, సిద్దిపేట)

జవాబు: తల్లీ, మీ అన్నయ్యకి నా మాటగా చెప్పు. మూతపడే రోజులకే ఆ పని చేసేవాళ్ల చేయి బాగా తిరిగి ఉంటుంది. ముప్పై ఏళ్లు పట్టి నేర్చుకున్నదంతా అప్పుడే కళ్లకి కడుతుంది. నేర్చుకోవాలనుకునేవాళ్లకి అంతకంటే మంచి సమయం ఉండదు.

షటిల్ అంటే రాకెట్‌లా ఎగిరి, విమానంలా దిగి, మళ్లీ మళ్లీ వాడుకునే నాసా అంతరిక్ష నౌక. 2011లో అవి మొత్తం మూడే సార్లు ఎగిరాయి. ఫిబ్రవరి 24న డిస్కవరీ, మే 16న ఎండీవర్, జూలై 8న అట్లాంటిస్. మూడింటికీ అవే ఆఖరి ప్రయాణాలు. అప్పట్లో నేను రాజమండ్రిలో ఫిజిక్సు చెబుతుండేదాన్ని. ఏ రోజు ఎవరు ఏం పని చేస్తారో వివరంగా చెప్పే పుస్తకం ఒకటి ప్రతి ప్రయాణానికీ నాసా నెట్‌లో పెట్టేది. జిరాక్స్ షాపులో దాన్ని ప్రింటు తీయించి, పక్కన పెన్సిల్‌తో మన టైము రాసుకునేదాన్ని. అట్లాంటిస్ బయల్దేరింది మనకి రాత్రి తొమ్మిదికి ఒక్క నిమిషం ముందు. దిగింది జూలై 21 మధ్యాహ్నం మూడున్నరకి కాస్త ముందు. ఆ రెండూ మన టీవీ వార్తల్లో వచ్చాయి. వాటి మధ్య రోజుల్ని, అంతకు ముందు నెలల తరబడి నడిచిన పనిని ఎవరూ చూపించలేదు. నన్ను కట్టిపడేసింది అదే.

డిస్కవరీ సంగతి చూడు. 2010 నవంబరు 5న ఇంధనం నింపుతుంటే హైడ్రోజన్ లీకైంది. ఆగిపోయారు. తర్వాత పరీక్షగా చూస్తే షటిల్‌కి బయట తగిలించే పెద్ద ఇంధనపు ట్యాంకు మీది నారింజ రంగు నురుగు పూతలో పగులు కనిపించింది. పూత గీకి చూస్తే కింద లోహపు కమ్మీ కూడా చీలి ఉంది. ట్యాంకు మధ్యభాగం చుట్టూ అలాంటి నిలువు కమ్మీలు 108 ఉంటాయి, ఒక్కోటి ఇంచుమించు 21 అడుగుల పొడవు. చీలినచోట బాగుచేసి సరిపెట్టుకోవచ్చు. వాళ్లు ఊరుకోలేదు. డిసెంబరు 17న ఊరికే పరీక్ష కోసం ట్యాంకు నిండా ఇంధనం నింపి, ఖాళీ చేశారు. షటిల్ మొత్తాన్నీ ప్రయోగవేదిక నుంచి వెనక్కి షెడ్డుకి తీసుకొచ్చి ఎక్స్‌రేలు తీశారు. మరికొన్ని సన్న చీలికలు బయటపడ్డాయి. ఆ కమ్మీలకి వాడిన లోహంలో కొంత మామూలుకంటే పెళుసుగా ఉందని, బిగించేటప్పుడు పడ్డ ఒత్తిడికి అది తట్టుకోలేదని తేల్చారు. తేల్చాక కమ్మీల కొసల మీద పలచటి లోహపు పట్టీలు వేసి బలపరిచారు. ఈ పనికి నాలుగు నెలలకు దగ్గరగా పట్టింది.

ఇంతా చేసి ఆ ట్యాంకు పనిచేసేది ఎనిమిదిన్నర నిమిషాలు. ఆ తర్వాత విడిపోయి, గాలిలో కాలి, ముక్కలై సముద్రంలో పడుతుంది. డిస్కవరీ మళ్లీ ఎగిరేది లేదు. ఆ పని చేసినవాళ్లలో చాలామందికి కొద్ది నెలల్లో ఉద్యోగం పోతుందని ముందే తెలుసు. నిజంగానే అట్లాంటిస్ దిగాక వేలమంది ఇళ్లకి వెళ్లిపోయారు. ఇవన్నీ తెలిసి, ఆ చీలికకి కారణం దొరికేదాకా వాళ్లు వదలకపోవడం నా మనసులో ఇప్పటికీ ఉంది. అప్పట్లో మా కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షల ముందు పిల్లలకి ఈ కథే చెప్పేదాన్ని.

ఎండీవర్ ఎగిరిన ట్యాంకుది ఇంకో కథ. 2005లో కత్రినా తుపానుకి న్యూఆర్లీన్స్‌లోని ఫ్యాక్టరీ పైకప్పు నుంచి కాంక్రీటు పెళ్లలు దాని మీద పడ్డాయి. పక్కన పెట్టేసిన ఆ ట్యాంకుని ఏళ్ల తర్వాత బాగుచేసి ఈ ప్రయాణానికి వాడారు. దాని సాయంతో పైకెళ్లిన బరువు ఏమిటనుకున్నావ్? ఏడు టన్నుల దాకా తూగే ఆల్ఫా మాగ్నెటిక్ స్పెక్ట్రోమీటర్, నోబెల్ గ్రహీత శామ్యూల్ టింగ్ బృందం కట్టిన పరికరం, అంతరిక్షంలోంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాల్ని పట్టి చూసేది. 2003లో కొలంబియా షటిల్ ప్రమాదం తర్వాత దీన్ని ప్రయాణాల జాబితాలోంచే తీసేశారు. అమెరికా కాంగ్రెస్ కలగజేసుకుని ఒక ప్రయాణం అదనంగా పెట్టిస్తేనే ఇది పైకి చేరింది. అంతరిక్షంలో రిపేరు చేసేలా కట్టింది కాదు. అయినా చల్లబరిచే పంపులు మొరాయిస్తే 2019 నవంబరు నుంచి 2020 జనవరి లోపల వ్యోమగాములు లూకా పర్మిటానో, ఆండ్రూ మోర్గన్ నాలుగుసార్లు బయటికి నడిచి, గొట్టాలు కోసి, కొత్త పంపులు అతికారు. షటిల్ ఆగిపోయింది గానీ అది మోసుకెళ్లిన పని ఆగలేదు. మీ అన్నయ్యకి ఈ ఒక్కటీ గట్టిగా చెప్పు.

ఇక నేను ఏ ప్రయాణంలోనూ వదలకుండా చూసింది మూడోరోజు వచ్చే పల్టీ. కేంద్రానికి ఇంచుమించు 600 అడుగుల కిందికి వచ్చాక షటిల్ నిదానంగా వెనక్కి ఒక పూర్తి పల్టీ కొట్టేది. దాని పొట్ట కేంద్రం వైపు తిరిగిన కాసేపట్లోనే లోపలివాళ్లు 400, 800 మిల్లీమీటర్ల లెన్సులతో ఫొటోల మీద ఫొటోలు తీసేవాళ్లు. అడుగున ఉండే వేడి తట్టుకునే పలకల్లో ఏదైనా దెబ్బతిన్నదేమో చూడటానికి. అంతకు ముందురోజే షటిల్‌కుండే యంత్రపు చేతికి పొడవాటి కర్ర తగిలించి, దాని చివర కెమెరాలతో రెక్కల అంచులు తడిమేవాళ్లు.

ఇదంతా ఎందుకొచ్చిందో నీకు తెలియాలి. 2003 జనవరి 16న కొలంబియా బయల్దేరిన 82 సెకన్లకి ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకి కొట్టుకుంది. అది వీడియోలో కనిపించింది. పైనున్న ఉపగ్రహాలతో ఫొటోలు తీయిద్దామని కొందరు ఇంజనీర్లు అడిగారు. ఆ మాట ముందుకి సాగలేదు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ ఆ రంధ్రంలోంచి వేడిగాలి చొరబడి షటిల్ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. మళ్లీ 2005 జూలైలో ఎగిరింది మొదలు చివరిదాకా, షటిల్ కేంద్రానికి వెళ్లిన ప్రతిసారీ ఈ పల్టీ ఉంది. నా చిన్న కంప్యూటరు తెర మీద అరచేతంత బొమ్మ, మాటిమాటికీ ఆగిపోయేది. అయినా ఆ నల్లటి పొట్ట అలా తిరుగుతుంటే నాకు కల్పనే గుర్తొచ్చేది. పోయినవాళ్ల వల్ల నేర్చుకున్న జాగ్రత్తని కళ్లారా చూడటం అది.

అందుకని నువ్విప్పుడు చూడవలసినవి ఇలాంటివే. రాకెట్ ఎగరడం చూడు, తప్పకుండా చూడు, కానీ అక్కడితో ఆపకు. కేంద్రం బయట వ్యోమగాములు నడిచే ఆరేడు గంటలు నోటుపుస్తకం పెట్టుకుని చూడు. ఏ పరికరం ఎందుకు మారుస్తున్నారో రాసుకో. 2021 నుంచి అక్కడ చుట్టి పంపి విప్పే కొత్తరకం సౌర ఫలకాలు పాతవాటి ముందు బిగిస్తూ వచ్చారు. రష్యా వైపు ఒక చిన్న సొరంగంలో గాలి లీకవుతుంటే ఏళ్ల తరబడి దాని వెంటపడ్డారు. కేంద్రాన్ని కిందికి నెట్టే వాహనం కట్టే పనిని 2024లో స్పేస్‌ఎక్స్‌కి ఇచ్చారు. నాలుగు వందల టన్నులకు పైగా ఉన్న కట్టడాన్ని పసిఫిక్‌లో మనుషులు లేనిచోట పడేలా దించడం కూడా ఇదివరకు ఎవరూ చేయని పని. 2000 నవంబరు 2 నుంచి అక్కడ మనిషి లేని రోజు లేదు. నీ వయసుకంటే ముందు మొదలైన పని చివరికి ఎలా చేరుతుందో చూసే అవకాశం నీకు దొరికింది. వదులుకోకు.

ప్రశ్న: అట్లాంటిస్ ఆఖరి ప్రయాణంలో నలుగురే వెళ్లారెందుకు? ఎప్పుడూ ఆరేడుగురు ఉండేవారు కదా?
(స్కూలు మాస్టారు, ఒంగోలు)

జవాబు: మాస్టారూ, కాపాడటానికి ఇంకో షటిల్ లేదు, అదే కారణం. కొలంబియా తర్వాత ఒక షటిల్ పైనుంటే, అవసరమైతే వెళ్లడానికి మరొకదాన్ని సిద్ధం చేసుకునేవాళ్లు. 2009 మేలో హబుల్ టెలిస్కోపు రిపేరుకి అట్లాంటిస్ వెళ్లినప్పుడు పక్క వేదిక మీద ఎండీవర్‌ని నిలబెట్టే ఉంచారు. 2011 జూలైకి ఆ వీలు పోయింది. అట్లాంటిస్ దెబ్బతింటే అందులోవాళ్లు కేంద్రంలోనే ఉండిపోయి, రష్యా వాళ్ల సోయుజ్ నౌకలో ఒక్కొక్కరుగా దిగాలి. సోయుజ్‌లో సీట్లు మూడే. అలా అందర్నీ దించడానికి ఏడాది దాకా పట్టేది. అందుకే క్రిస్ ఫెర్గూసన్, డగ్ హర్లీ, శాండ్రా మాగ్నస్, రెక్స్ వాల్‌హైమ్, ఈ నలుగురే వెళ్లారు. ఏడుగురు పంచుకోవలసిన పని నలుగురే చేశారు.

వాళ్లు మోసుకెళ్లింది నాలుగు టన్నులకు పైగా తిండి, బట్టలు, సామాన్లు. కూతురింటి నుంచి ఊరెళ్లే తల్లి ఏడాదికి సరిపడా పచ్చళ్లు పెట్టి, పొడులు కొట్టి వెళుతుంది చూడండి, అట్లాంటిస్ చేసిందీ అదే. 1981లో మొదటి షటిల్‌లో ఎగిరిన చిన్న అమెరికా జెండాని కూడా అక్కడ వదిలారు. అమెరికా నేల నుంచి మళ్లీ ఎవరు వస్తే వాళ్లు తీసుకురావాలని. తెచ్చింది ఎవరో తెలుసా? ఆ నలుగురిలో పైలట్‌గా ఉన్న డగ్ హర్లీయే, 2020లో, బాబ్ బెంకెన్‌తో కలిసి స్పేస్‌ఎక్స్ వాళ్ల డ్రాగన్ నౌకలో వెళ్లి.

ప్రశ్న: అదే ప్రయాణంలో కౌంట్‌డౌన్ 31 సెకన్ల దగ్గర ఆగిపోయిందట. నిజమేనా?
(డిగ్రీ విద్యార్థి, కాకినాడ)

జవాబు: నిజం, నాయనా. ట్యాంకు నెత్తిన టోపీలా ఉండే గొట్టం చేయి పూర్తిగా వెనక్కి మడుచుకుందని కంప్యూటరుకి సంకేతం రాలేదు. కెమెరా తిప్పి కళ్లతో చూసి, మడుచుకునే ఉందని ఖాయం చేసుకుని, రెండు నిమిషాల పైచిలుకు తర్వాత వదిలారు. ఆ రోజు వాతావరణం అనుకూలించే అవకాశమే 30 శాతమన్నారు. ఆ రెండు నిమిషాలూ నేను కుర్చీలోంచి లేచి నిలబడే ఉన్నాను.

ప్రశ్న: అంత గొప్పగా పనిచేస్తుంటే షటిల్‌ని అసలెందుకు ఆపారు?
(పాఠకుడు, కరీంనగర్)

జవాబు: 135 ప్రయాణాల్లో రెండు ఘోర ప్రమాదాలు, పద్నాలుగు ప్రాణాలు. పైకెళ్లేటప్పుడు ఏదైనా జరిగితే మనుషుల్ని విడదీసి బయటపడేసే ఏర్పాటు లేదు. మనుషులుండే భాగం ట్యాంకు పక్కన ఉండటంతో పైనుంచి ఊడిందల్లా దానికే తగులుతుంది. ఖర్చు సరేసరి. 2004 జనవరిలోనే అధ్యక్షుడు బుష్ కేంద్రం కట్టడం పూర్తయ్యాక ఆపేస్తామని ప్రకటించారు. ఆపడం సరైన పనే అని నా అభిప్రాయం. దాని తర్వాతి బండి సిద్ధం కాకుండా ఆపడం మాత్రం సరి కాదు. 2011 జూలై నుంచి 2020 మే దాకా అమెరికా తన మనుషుల్ని పంపడానికి సోయుజ్‌లో సీట్లు కొనుక్కుంది.

ప్రశ్న: అంతరిక్ష కేంద్రం మా మేడ మీంచి కనిపిస్తుందా? టెలిస్కోపు కావాలా?
(గృహిణి, విజయనగరం)

జవాబు: టెలిస్కోపు అక్కర్లేదమ్మా, శుభ్రంగా కనిపిస్తుంది. దాని దారి భూమధ్యరేఖకి 51.6 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి తెలుగునేల అంతా దాని కిందికి వస్తుంది. పొద్దుగుంకిన గంటా గంటన్నర లోపు, లేదా తెల్లవారకముందు చూడాలి. మనకి చీకటి పడి ఉండాలి, 400 కిలోమీటర్ల ఎత్తునున్న దానిమీద ఇంకా ఎండ పడుతుండాలి. మిణుకుమనదు, ఎర్ర దీపాలుండవు, ఒకే వెలుగుతో నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటుతుంది. ఒక్కోసారి నడినెత్తిన ఉండగానే భూమి నీడలోకి వెళ్లి మాయమైపోతుంది. మీ ఊరికి ఏ రోజు ఏ టైముకో నాసా ఫోన్ యాప్‌లో దొరుకుతుంది. షటిల్ కేంద్రాన్ని విడిచి బయల్దేరిన రోజుల్లో ఒకదాని వెనక ఒకటిగా రెండు చుక్కలు కనిపించేవి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు వర్జీనియాలో ఉంటున్నారు. వచ్చే వేసవికి వెళుతున్నాం. అక్కడ షటిల్ చూడొచ్చంటున్నారు, నిజమైన దాన్నేనా?
(రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు)

జవాబు: నిజమైన డిస్కవరీనేనండి. అక్కడి డలెస్ విమానాశ్రయం దగ్గర చాంటిలీలో ఉద్వర్-హేజీ సెంటర్ అని స్మిత్‌సోనియన్ వాళ్ల మ్యూజియం. ప్రవేశం ఉచితం, కారు నిలపడానికి మాత్రం డబ్బులు కట్టాలి. 39 సార్లు వెళ్లొచ్చిన ఓడ అది, మొత్తం కలిపితే 365 రోజులు అంతరిక్షంలో గడిపింది. దాన్ని హ్యూస్టన్‌కి తరలించాలనే ప్రయత్నం 2025లో మొదలైంది, కాబట్టి బయల్దేరేముందు ఒకసారి వాకబు చేసుకోండి. (ఎండీవర్ లాస్ ఏంజెలిస్‌లో, అట్లాంటిస్ ఫ్లోరిడా కెనడీ సెంటర్‌లో ఉన్నాయి.)

వెళ్లాక ముందువైపు ఫొటో తీసుకుని వచ్చేయకండి. చక్రాల మీద నిలబెట్టి ఉంటుంది, ముక్కు పక్కకి వెళ్లి వంగి అడుగుభాగం చూడండి. నల్లటి పలకలు ఒక్కోదాని మీద నంబరు ఉంటుంది. బాగా నల్లగా ఉన్నవి తర్వాత మార్చినవి, బూడిదరంగుకి తిరిగినవి ఎన్నో ప్రయాణాల వేడి తిన్నవి. మనవలుంటే పాతవేవో కొత్తవేవో వాళ్లచేత పోల్చించండి.