ఒకే జాతి పక్షులను వందల సంఖ్యలో దాచడం ఎందుకు?

ఒకే జాతి పక్షులను మ్యూజియంలు వందల సంఖ్యలో ఎందుకు దాచుకుంటాయి, ఒకటి రెండు ఉంచుకుని మిగతావాటికి ఫోటోలు తీస్తే సరిపోదా అని మీరు అడిగారు. ఒక మ్యూజియంలో రెండేళ్లపాటు స్వచ్ఛందంగా పక్షుల నమూనాల చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కించాను కనుక, ఆ అనుభవంతో సమాధానం చెబుతున్నాను.

మొదటిరోజు సొరుగు లాగినప్పుడు నాకూ ఇదే సందేహం కలిగింది. కళ్ల స్థానంలో దూది, ఒంటికి అదిమిన రెక్కలు, ఆ పక్షి ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి కాళ్లకు దారంతో కట్టిన చిన్న చీటీ. వెల్లకిలా పడుకోబెట్టిన నలభై పక్షులూ అచ్చం ఒకేలా ఉన్నాయనిపించింది. వారం తిరిగేసరికి ముక్కు పొడవులో, పొట్ట రంగులో తేడాలు కంటికి ఆనసాగాయి. ఆ తేడాలను ఏళ్లవారీగా పేర్చి చూసినప్పుడే ఆ జాతికి ఏం జరిగిందో తెలుస్తుంది.

నా దృష్టిలో దీనికి గుడ్లను మించిన ఉదాహరణ లేదు. బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగలు తగ్గిపోతూ, వాటి గూళ్లలో పగిలిన గుడ్లు కనిపిస్తున్న కాలంలో, డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా పోగైన పాత గుడ్లను పరిశీలించారు. అవి చిన్న రంధ్రం గుండా సొన తీసేసిన ఖాళీ పెంకులు. పెంకు పగలగొట్టకుండా దాని మందాన్ని అంచనా వేయడానికి, బరువును పొడవు, వెడల్పుల లబ్ధంతో భాగించారు. ఆ విలువ 1947 ప్రాంతం నుంచి ఒక్కసారిగా పడిపోయినట్టు తేలిందని 1967లో ప్రకటించారు. డీడీటీ అనే పురుగుమందు వాడకం విస్తరించిన కాలం అదే. దాని నుంచి ఏర్పడే డీడీఈ, పెంకుకు కాల్షియం సరిగా అందకుండా చేస్తుందని తర్వాత స్పష్టమైంది. ఆ గుడ్లను ఏరినవారిలో చాలామంది వాటి అందానికి ముచ్చటపడినవారే తప్ప, పురుగుమందుల గురించి ఆలోచించినవారు కారు.

ఇప్పటి జీవుల విషయమూ అంతే. షికాగోలో భవనాలకు ఢీకొని చనిపోయిన వలస పక్షులను ఫీల్డ్ మ్యూజియం వారు ఏళ్ల తరబడి ఏరి, కొలిచి, భద్రపరిచారు. 1978 నుంచి 2016 వరకు దొరికిన 52 జాతుల 70,716 పక్షుల కొలతలను బట్టి, వాటి శరీరాలు చిన్నవవుతూ రెక్కలు కాస్త పొడవవుతున్నాయని 2019లో వెల్లడైంది. వాతావరణం వేడెక్కడం ఇందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇక ఫోటోల సంగతి. ఫోటోను తూకం వేయలేము, దాని నుంచి డీఎన్‌ఏ తీయలేము. 1883లో చివరిది చనిపోయిన క్వాగా అనే జీబ్రా రకం నుంచి 1984లో డీఎన్‌ఏ లభించిందంటే, మ్యూజియంలో మిగిలిన పాత చర్మం వల్లనే.

అయితే చీటీ లేని నమూనాతో ఇలాంటి ఏళ్లవారీ పోలికలేవీ సాధ్యం కావు. ఒకసారి తేమకు సిరా అలుక్కుపోయిన చీటీలతో పదకొండు పక్షులు నా ముందుకు వచ్చాయి. ఒక్క ఈక కూడా రాలలేదు. భూతద్దంతో, వెలుతురు మార్చి మార్చి రెండు రోజులు ప్రయత్నించినా ఒక్క అంకె చదవలేకపోయాను. చివరికి ‘ప్రాంతం తెలియదు, సంవత్సరం తెలియదు’ అని పదకొండుసార్లు నమోదు చేయవలసి వచ్చింది.