రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నా షుగర్ తగ్గట్లేదు, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: నాన్నగారికి 58 ఏళ్లు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే రక్తపరీక్ష, ఏ1సీ అని కూడా అంటారు) 8.2. అన్నం తగ్గించమని డాక్టరు చెప్పాక రాత్రిళ్లు అన్నం మానేసి మూడు చపాతీలు, ఆలూ కుర్మా తింటున్నారు. పొద్దున రాగి జావ తాగుతున్నారు. అయినా తిన్న రెండు గంటలకు రీడింగు 240 దగ్గరే ఉంటోంది. పిండిపదార్థం దాదాపు మానేసే కీటో లాంటివి కాకుండా, ఇంట్లో అందరితో పాటు తినేలా ఏమైనా ఉందా?

ఉంది. నాకూ షుగర్ ఉంది, వంట చేసేదీ నేనే. గుంటూరులో అత్తగారు, మా ఆయన, కాలేజీకెళ్లే పిల్లలు ఉన్న ఇల్లు మాది. నాకోసం వేరే పొయ్యి వెలిగించకుండానే నా ఏ1సీ 8.4 నుంచి 6.5 దగ్గరికి వచ్చింది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇప్పటికీ వేసుకుంటున్నాను, మానేసే ఉద్దేశం కూడా లేదు. నేను డాక్టర్ని కాను. నా గ్లూకోమీటరూ నా వంటగదీ నేర్పినవి చెబుతున్నాను, అంతే.

ముందు చపాతీ సంగతి. 30 గ్రాముల గోధుమ పిండితో చేసే చిన్న పుల్కాలో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు. మన ఇళ్లలో చేసే చపాతీకి 40 గ్రాముల పిండి దాకా పడుతుంది. అలాంటివి మూడు తింటే 80 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లినట్టే. వండిన అన్నంలో వంద గ్రాములకి 28 గ్రాములు ఉంటుంది. అంటే మూడు చపాతీలు దగ్గర దగ్గర 300 గ్రాముల అన్నంతో సమానం. మీ నాన్నగారు రాత్రి మానేసిన అన్నం బహుశా అంత కూడా ఉండి ఉండదు. దానికి తోడు ఆలూ కుర్మా. షుగర్ తగ్గకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

రాగి జావ కూడా అంతే. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, అది నిజమే. కానీ మెత్తటి పిండిని నీళ్లలో ఉడికించి జావ చేస్తే నమిలే పని కూడా ఉండదు. తొందరగా అరిగి, తొందరగా రక్తంలోకి చేరుతుంది. జొన్నలు, కొర్రలు, సామలు బియ్యం కంటే మంచివే. పీచు ఎక్కువ, కొంచెంతో కడుపు నిండుతుంది. కానీ ఒక పెద్ద జొన్న రొట్టెలో 35 గ్రాముల పైనే పిండిపదార్థం ఉంటుంది. మిల్లెట్లు కదా అని కొర్ర అన్నం కంచం నిండా పెట్టుకుంటే గ్లూకోమీటర్ మొహమాటపడదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. మన దేశంలో షుగర్ మీద జరిగిన పెద్ద అధ్యయనం ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఐసీఎంఆర్-ఇండియాబ్. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో చెప్పింది వాళ్లే. మనవాళ్లు తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని అదే అధ్యయనం 2025లో తేల్చింది. తెల్ల బియ్యం తీసేసి గోధుమ, మిల్లెట్ పిండి పెట్టినా మొత్తం పిండిపదార్థం తగ్గకపోతే షుగర్ వచ్చే ముప్పు తగ్గట్లేదని కూడా అందులో ఉంది. పిండిపదార్థంలో కొంత భాగాన్ని పప్పులు, పాల పదార్థాలు, గుడ్లు, చేపల ప్రొటీన్‌తో మార్చినప్పుడు ముప్పు తక్కువగా కనిపించింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదని ఉంది. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి చెప్పిన మాట.

కాబట్టి ఏ ధాన్యం తినాలి అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ధాన్యం ఎంత తినాలి, ఆ ఖాళీలో ఏం పెట్టాలి, చూడాల్సింది ఇదే. తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) బియ్యం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన రకం, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె) తక్కువ. మేమూ అవే వండుకుంటాం. కానీ అదీ బియ్యమే, బస్తా మీద "షుగర్ ఫ్రీ" అని రాసినంత మాత్రాన పిండిపదార్థం మాయమైపోదు.

మెనూలోకి వెళ్లే ముందు మందుల మాట. దయచేసి ఇది దాటేయకండి. నాన్నగారు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు కానీ ఇన్సులిన్ కానీ వాడుతుంటే, అన్నం ఒక్కసారిగా తగ్గించినప్పుడు షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమటలు, కళ్లు తిరగడం, విపరీతమైన ఆకలి దాని గుర్తులు. అప్పుడు లో-కార్బ్ గీ-కార్బ్ ఏమీ లేదు, వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడో పంచదారో నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లు పిండిపదార్థం మరీ తగ్గిస్తే షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చే స్థితి) వచ్చే ప్రమాదం ఉంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) ఎక్కువ ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు కిడ్నీ సంగతి అడగాలి. మందుల చీటీ పట్టుకెళ్లి, "తిండిలో పిండిపదార్థం సగానికి తగ్గిస్తున్నాం, డోసు మార్చాలా?" అని డాక్టర్ని అడగండి. నేను మొదలుపెట్టే ముందు అడిగాను. నాది ఒక్క మెట్‌ఫార్మినే కాబట్టి డోసు మార్చక్కర్లేదన్నారు.

ఇక అసలు సంగతి, మధ్యాహ్నం భోజనం. మన భోజనం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. పప్పులోకి ఒకసారి అన్నం, కూరలోకి ఒకసారి, పులుసులోకో చారులోకో మరోసారి, ఆఖర్న పెరుగులోకి. కూర రెండు చెంచాలు, అన్నం నాలుగు వాయిలు. నేను చేసిందల్లా దీన్ని తిరగేయడమే. కంచంలో ముందు కూర నిండుగా పెట్టుకుంటాను. బెండకాయ, దొండకాయ, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు, వంకాయ, క్యాబేజీ, ఆకుకూరలు, ఏదైనా సరే, ఒక పెద్ద గిన్నెడు. పప్పు చెంచాతో విడిగా తింటాను. చారు గ్లాసులో పోసుకుని తాగుతాను. ఇవన్నీ అయ్యాక అన్నం, ఒక చిన్న గిన్నె. 50 గ్రాముల బియ్యం వండితే వచ్చేంత, అందులో దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం.

ఆ గిన్నెడు అన్నం దేనిలోకి కలుపుకోవాలన్నది ఎవరిష్టం వాళ్లది. నాకు పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టే ఉండదు, కాబట్టి నా వాటా పెరుగులోకి దాచుకుంటాను. దీనివల్ల తెలియకుండానే ఇంకో మేలు జరుగుతుంది. కూర, పప్పు ముందు తిని అన్నం ఆఖర్న తింటే, అదే భోజనానికి షుగర్ తక్కువగా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. నా రీడింగుల్లో కూడా ఆ తేడా కనిపించింది. గోంగూర పచ్చడి చేసిన రోజు మాత్రం లెక్క మారుతుంది. అది అన్నం లేకుండా తినమంటే నావల్ల కాదు. ఆ రోజు అన్నం గోంగూరకి, పెరుగు మజ్జిగ చేసుకుని గ్లాసుకి.

వంట చేసేవాళ్లకి ఒక్క ముఖ్యమైన మాట చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. మన కూరలు అన్నంలో కలుపుకోవడానికని ఉప్పూ కారం వేసి చేసేవి. అదే కూర గిన్నెడు ఉత్తగా తింటే నోరు మండిపోతుంది, ఉప్పు కూడా ఎక్కువైపోతుంది, బీపీ ఉన్నవాళ్లకి అది ఇంకో తలనొప్పి. గుంటూరు చేయి కారం డబ్బా దగ్గర ఆగదని మా ఆయన ఎగతాళి. నేను కూర ఉప్పు కారం తగ్గించి దించుతాను. నా వాటా తీసుకున్నాక మిగతా వాళ్లకి వేపుడు కారమో కొబ్బరి కారమో పైన చల్లి కలుపుతాను. వంట ఒక్కటే, రుచులు రెండు. మీ అమ్మగారికి ఈ ఒక్కటి చెప్పండి. చాలా ఇళ్లలో ఈ పద్ధతి నాలుగు రోజులకే ఆగిపోయేది "ఉత్త కూర ఎలా తింటాం" అన్న దగ్గరే.

పప్పులో పిండిపదార్థం లేదనుకోకండి. 30 గ్రాముల కందిపప్పులో 17 గ్రాముల దాకా ఉంటుంది, ప్రొటీన్ 6 గ్రాముల పైనే. కాకపోతే పీచూ ప్రొటీనూ కలిసి ఉండటం వల్ల నెమ్మదిగా అరుగుతుంది. అందుకే సొరకాయ పప్పు, తోటకూర పప్పు చేసేటప్పుడు పప్పు గుప్పెడు, కూర బోలెడు వేస్తాను.

పొద్దున టిఫిన్ దగ్గర రాగి జావ ఆపేయమనే చెబుతాను. దాని బదులు పెసరట్టు. నానబోసేటప్పుడు పెసలతో పాటు గుప్పెడు బియ్యం వేసే అలవాటు ఉంటే అది మానేయాలి. లోపల ఉప్మా పెట్టకూడదు. ఎమ్మెల్యే పెసరట్టు ఎమ్మెల్యేలకే వదిలేయండి. అల్లం పచ్చడిలో బెల్లం వేయకండి, పల్లీ చట్నీ అయితే ఇంకా మేలు. మూడు ఇడ్లీలు తిన్న రోజు నాకు 200 దాటేది, రెండు పెసరట్లు ఒక గుడ్డు తిన్న రోజు 150 లోపే ఉండేది. ఇడ్లీ తినాలనిపిస్తే రెండే వేసుకుని, ముక్కలు ఎక్కువ ఉన్న సాంబారు గిన్నెడు తీసుకుంటాను. గుడ్డులో ప్రొటీన్ 6 గ్రాములు, పిండిపదార్థం ఒక గ్రాము కూడా ఉండదు. ఇంత చౌకగా దొరికే మంచి తిండి ఇంకోటి నాకైతే తెలియదు.

రాత్రికి ఒక్క పుల్కా, దాంట్లోకి గుడ్డు పొరటు కానీ, కోడికూర కానీ, చేపల పులుసు కానీ. ఎండు రొయ్యలు వేసిన తోటకూర ఉంటే పుల్కా కూడా గుర్తు రాదు. మా అత్తగారు నీచు ముట్టరు, కార్తీకంలో మేమూ తినం. అప్పుడు పనీరు, మీల్ మేకర్, బొబ్బర్ల కూర. మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే, కానీ వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండకపోతే పచ్చి వాసన వస్తుంది. బంగాళాదుంప, చామదుంప, అరటికాయ కూరలు ఉన్న రోజు వాటినే అన్నం కింద లెక్కవేసుకోవాలి. కాలీఫ్లవర్ తురిమి అన్నంలా చేసుకోమని వీడియోల్లో చూపిస్తారు. మా ఇంట్లో అది నిలవలేదు. కాలీఫ్లవర్‌ని కూరగా తింటే సరిపోయేదానికి ఆ వేషం ఎందుకు?

సాయంత్రం ఆకలికి ఉడకబెట్టిన పల్లీలు, లేకపోతే శనగల గుగ్గిళ్లు. మేరీ బిస్కెట్లు షుగర్ వాళ్లకి మంచివని ఎవరు పుట్టించారో కానీ అవి మైదాపిండే. పళ్లరసం వద్దు, దోరజామకాయ ఒకటి తినొచ్చు. కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు వాడితే వాడండి. వాటిని నమ్ముకుని అన్నం తగ్గించకపోతేనే చిక్కు.

మొదటి వారం నీరసం, తలనొప్పి కొందరికి వస్తాయి. నీళ్లు, పల్చటి మజ్జిగ బాగా తాగాలి. ఆకలేస్తే కూర, పప్పు, గుడ్డు ఇంకాస్త పెట్టుకోవాలి, అన్నం కాదు. చాలామంది అన్నం తగ్గిస్తారు కానీ ఆ చోట ఏమీ పెట్టరు, రాత్రి పది గంటలకి మిక్చరు డబ్బా తెరుస్తారు. అలాగని నెయ్యి గ్లాసుల్లో తాగే పద్ధతి నేను పాటించలేదు. నా కొలెస్ట్రాల్ ముందే ఎక్కువ, లిపిడ్ ప్రొఫైల్ కూడా చూసుకుంటూ ఉంటాను. రోజుకి పిండిపదార్థం మొత్తం 130 గ్రాముల లోపు ఉండేలా చూసుకుంటే నాకు సరిపోయింది. మూడు పూటలా అన్నం తినేవాళ్లకి అది 300 గ్రాముల దాకా పోతుంది, కాబట్టి ఇదే పెద్ద మార్పు.

ఇంట్లో పెద్దవాళ్ల గొడవ ఉంటుంది. "పట్టెడన్నం తినకపోతే ఒంట్లో సత్తువ ఎక్కడ్నుంచి వస్తుంది" అని అత్తగారు రోజూ సణిగేవారు. నేను వాదించలేదు. ఆవిడ ఎదుట కూర్చునే ఆ చిన్న గిన్నెడు అన్నం తినేదాన్ని, అన్నం అసలు మానలేదని ఆవిడకి స్థిమితం. పెళ్లి భోజనంలో బంతిలో కూర్చోగానే ముందు బూరె, పులిహోర వడ్డిస్తారు. వాటిని పక్కన ఉంచి, కూరలూ పప్పూ వచ్చేదాకా కబుర్లు చెబుతూ కూర్చుని, ఆఖర్న సగం బూరె తింటాను.

పరగడుపు రీడింగు చూసి కంగారు పడకండి. తిన్న తర్వాతి అంకెలు దిగినా పొద్దున్నది మొండికేస్తుంది. తెల్లవారుజామున లివర్ తనంతట తాను గ్లూకోజ్ వదులుతుంది, దానికి రాత్రి తిండితో పెద్దగా సంబంధం ఉండదు. నాకూ అన్నిటికంటే ఆఖర్న దిగింది అదే. ఏ1సీ కూడా నెలకే చేయించకండి. అది దాదాపు మూడు నెలల సగటు చూపిస్తుంది.

ఈ వారం అన్నీ ఒకేసారి మార్చొద్దు, రాత్రి భోజనం ఒక్కటి పట్టుకోండి. ఒక రోజు ఇప్పటిలాగే మూడు చపాతీలు, ఆలూ కుర్మా తిననిచ్చి, మొదటి ముద్ద తిన్న టైము నుంచి సరిగ్గా రెండు గంటలకి, చేతులు కడిగి తుడుచుకున్నాక రీడింగు రాయండి. మర్నాడు ఒక పుల్కా, గిన్నెడు బీరకాయ కూర, రెండు గుడ్ల పొరటు పెట్టి, తిన్నాక పావుగంట ఇంటి ముందు నడిపించి, అదే టైముకి మళ్లీ చూడండి. ఆ రెండు అంకెలూ ఒకే కాగితం మీద రాసి నాన్నగారి చేతికే ఇవ్వండి. మిగతా పూటల సంగతి ఆయనే అడుగుతారు.